చిరిగిన వాల్వు

మృదులకు డాక్టరేటు చేతికొచ్చింది కానీ, ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలో తేలలేదు. పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ కోసం ఆమె తలుపు తట్టని సంస్థ లేదు. అందరూ మర్యాదగానే కాదన్నారు. నెలాఖరుకు ల్యాబులో తన బల్ల ఖాళీ చెయ్యాలి. ఇక మిగిలింది ఒక్క ఫెలోషిప్పే. దానికి దరఖాస్తు పంపడానికి ఆ సాయంత్రమే ఆఖరు.

ఆమె చేసిన పని చిన్నదేం కాదు. గుండె జబ్బుతో పుట్టిన పసిపిల్లల కోసం, వాళ్లతో పాటే పెరిగే వాల్వును జీవకణాలతో తయారుచేసింది. బహుమతులు కూడా వచ్చాయి.

గురువు ఖైరున్నీసా మేడమ్ గదికి వెళ్లేసరికి ఆవిడ టీ కప్పు ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటున్నారు. మృదుల కిటికీ దగ్గర్నుంచి తీసి ఇచ్చి, తన గోడు చెప్పుకుంది. ఎంపిక కమిటీలో మేడమ్‌కు తెలిసినవాళ్లున్నారు, ఒక్క ఫోను చేస్తే చాలని బతిమాలింది. తనకంటే తక్కువ పని చేసినవాళ్లకు కూడా ఫెలోషిప్పులు వచ్చాయని నిష్ఠూరమాడింది.

"దరఖాస్తులో ఏం రాశావో చదువు" అన్నారు మేడమ్.

మృదుల చదివింది. అచ్చయిన వ్యాసాలు, బహుమతులు, పరీక్షలో చుక్క నీరు కూడా వెనక్కి రానివ్వని తన వాల్వు.

"ఆ బహుమతులేవీ నాకు గుర్తు లేవమ్మాయ్. ఈమధ్య చాలా జారిపోతున్నాయి. మొదటి ఏడాది ఒక వాల్వు చిరిగితే ఏడ్చావు చూడు, అది మాత్రం గుర్తుంది. ఏదీ అది?"

ఆ ల్యాబులో పాడైనదాన్ని పారెయ్యరు. చేసినవాళ్ల పేరు రాసి సీసాలో దాస్తారు. దాచాక మళ్లీ ఎవరూ చూడరు.

"ఇప్పుడెందుకు మేడమ్ అది? సాయంత్రంలోగా పంపాలి."

"తీసుకురా."

మృదుల తెచ్చిన సీసాలోంచి తీసి, మేడమ్ తన చేత్తోనే దాన్ని ల్యాబులోని పంపులో బిగించారు. గుండె కొట్టుకున్నట్టే ఉప్పునీటిని తోసే యంత్రం అది. స్విచ్చి వేసి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

నీళ్లు ముందుకు వెళ్లడం, చిరుగులోంచి వెనక్కి కారడం. మృదుల గడియారం చూసింది. తలుపు వైపు చూసింది. మేడమ్ కదలకపోయేసరికి, చేసేదేం లేక వాల్వును చూసింది.

నీటి తాకిడి తగిలే నడిమధ్యన అది చిరగలేదు. కణాలు దట్టంగా అల్లుకుని, అన్నిటికంటే గట్టిగా ఉండాల్సిన అంచు దగ్గర చిరిగింది. అప్పట్లో మందం పెంచితే చిరగడం ఆగింది కదా అని మృదుల ముందుకు వెళ్లిపోయింది. కానీ ఆ వాల్వు పిల్లతో పాటు పెరగాలి. పెరిగినప్పుడో?

మృదుల వంగింది. ఆమె ఊపిరికి పంపు గాజుగోడ మసకబారింది. చేత్తో తుడిచి మళ్లీ చూసింది.

"గట్టిగా ఉన్నచోటే ఎందుకు చిరిగింది?"

మేడమ్‌నే అడిగిందో, తనను తానే ప్రశ్నించుకుందో. మేడమ్ స్విచ్చి ఆపారు.

"దరఖాస్తులో ఇది ఉందా?"

"లేదు మేడమ్."

మేడమ్ చల్లారిన టీ అందుకున్నారు.

"ఆ కమిటీలో వాళ్లూ నాలా ముసలివాళ్లే. గుర్తుండేది రాయి."

ఫోను సంగతి మృదుల మళ్లీ ఎత్తలేదు.