ఓరమోము తల్లి ముఖం తిప్పుకొన్న వృత్తాంతం

పూర్వం ఈ గుట్ట దిగువన, మగ్గాల చప్పుడు తప్ప మరో సందడి ఎరుగని నేతపల్లెలో, భావనయ్య అనే సాలె గృహస్థు, అతని మేనమామ కూతురే అయిన భార్య సోమాంబ నివసిస్తూ ఉండేవారు. గుట్టమీది అమ్మవారు ఆ రోజుల్లో ద్వారానికి ఎదురుగా, వచ్చినవారి కన్నుల్లోకి సూటిగా చూస్తూ కొలువై ఉండేదని పెద్దలు చెబుతారు. ఆ మోము నేడున్న విధంగా ఎందుకు మారిందన్నది నన్ను చాలాకాలం వెంటాడిన ప్రశ్న.

వివాహమైన తొలి సంవత్సరాలు సుఖంగానే గడిచాక, నేటి వైద్యులు అంగస్తంభన లోపమని చెప్పే బాధ భావనయ్యకు ప్రాప్తించింది. శయ్యపై తన దేహమే తన మాట వినకపోవడం అవమానంగా తోచి, పని తొందర నెపంతో అతడు పడకను మగ్గం గదిలోకి మార్చుకొన్నాడు. తనపై మోజు తీరిందేమోనని సోమాంబ మరింత శ్రద్ధగా పూలు ముడవసాగింది. అది తన అశక్తతను ఎత్తిపొడవడమేనని అతడు నొచ్చుకొన్నాడు. ఆ నొప్పిని గ్రహించి ఆమె పూలు మానివేసింది. తనమీద ఆశ వదులుకొన్నదని అతడు మరింత కుంగిపోయాడు. ఒకరినొకరు నొప్పించరాదన్న జాగ్రత్తే ఇద్దరి మధ్య గోడగా ఎలా లేస్తుందో తలచుకొంటే నాకు నేటికీ విస్మయమే.

సంతానం లేని స్త్రీలు తడిబట్టలతో గుడి ముంగిట సాష్టాంగపడి వరం కోరుకొనే ప్రాణాచారమనే వ్రతం అక్కడ ఆచారంగా ఉండేది. పడకలు వేరయ్యాక సంతానం కలగదని తెలిసీ, భర్త పరువు కోసం సోమాంబ ప్రతి శుక్రవారం ఆ రాతినేలపై పడుకొనేది. ఫలం కానరాక, భావనయ్య తల్లి అక్కమ్మ కొడుకుకు మారుమనువు నిశ్చయించి, పొరుగూరి పిల్లకు పసుపుకుంకుమలు పంపడానికి సిద్ధపడింది. భావనయ్య కాదంటే కారణం చెప్పాలి. ఊరకుంటే సోమాంబ పుట్టింటికి పోవాలి, మరొక అమాయకురాలు అదే మౌనంలోకి అడుగుపెట్టాలి.

ఆ శుక్రవారం భావనయ్య బావిదగ్గర తలమీద నీళ్లు గుమ్మరించుకొని, తడిపంచెతో వచ్చి, స్త్రీల వరుసలో భార్య పక్కన బోర్లా పడుకొన్నాడు.

"ఏం మామా, కడుపు కూడా నువ్వే మోస్తావా?" అని ఒకతె అనగానే ముంగిలి అంతా పకపకలాడింది. పూజారిణి వీరసాని వచ్చి, "లే నాయనా, ఇది ఆడవాళ్ల మొక్కు" అన్నది.

"మొక్కుకోవలసినవాణ్ణి నేనేనమ్మా. లోపం దీనిది కాదు, నాది."

నవ్వులు ఆగిపోయాయి. వీరసాని దంపతులిద్దరినీ గుడిలోపలికి పంపి, తలుపు దగ్గరగా వేసి, తాను బయటే నిలిచింది.

"అంతమందిలో అనేశావు, నాతో ఒక్కసారైనా అన్నావా బావా?" అన్నది సోమాంబ.

"నీతో అనడమే కష్టమైంది సోమా. నవ్వుతావేమోనని."

"నవ్వడమా! నీకు నేను వెగటయ్యానని ఏడ్చి చచ్చాను."

ఆ మాటలు ఎంతసేపు సాగాయో ఎవరూ చెప్పలేదు. తలుపు తెరిచేసరికి అమ్మవారి శిలాముఖం ద్వారాన్ని విడిచి ఎడమగోడ వైపు తిరిగి ఉన్నది. మగవాడు వ్రతం చెరచినందుకు తల్లి అలిగిందని స్త్రీలు వణికిపోయారు. కబురు విని పరుగున వచ్చిన అక్కమ్మ గుండెలు బాదుకొన్నది.

వీరసాని మాత్రం నవ్వి, "అలక కాదే పిచ్చిదానా! మొగుడూ పెళ్లామూ మాట్లాడుకొంటూంటే ఇంట్లో పెద్దది ఏం చేస్తుంది? మొగం తిప్పుకోదూ?" అన్నది. అక్కమ్మ తలవంచుకొని ఇంటికి వెళ్లి, పసుపుకుంకుమలు పంపే ప్రయత్నం మానుకొన్నది. భావనయ్య పడక మగ్గం గది విడిచివచ్చింది.

అతని బాధ తీరిందా అన్న విషయంలో కథలు ఏకీభవించవు. కొడుకు పుట్టాడని కొందరు, ఏ సంతానమూ లేకుండానే ఎంతో అన్యోన్యంగా ముదిమి పొందారని కొందరు చెబుతారు. నేటికీ ఆ తల్లి గోడవైపే చూస్తూ ఉంటుంది. ఆమెను ఓరమోము తల్లి అంటారు. శుక్రవారాలలో దంపతులు జంటగా లోపలికి వెళతారు. అర్చకుడు దీపం వెలిగించి, బయటికి వచ్చి తలుపు వేసి, లోపలినుంచి తట్టేదాకా తెరవడు. వారు లోపల ఏమి చెప్పుకొంటారని కుతూహలం ఆపుకోలేక నేనొకసారి అతణ్ణి అడిగాను. అతడు నెమ్మదిగా గోడవైపు ముఖం తిప్పుకొన్నాడు.