సర్పంచి ముట్టుకోని ఫోను

ఒక ఊళ్లో ఫోన్లు బాగుచేసే మరిడమ్మ దగ్గరికి సర్పంచి గవర్రాజు తన పాత ఆండ్రాయిడ్ ఫోను పట్టుకొచ్చాడు. అది రాయిలా పడి ఉంది, ఎంతకీ వెలగడం లేదు. వీధికి కుళాయి అడిగిన పాపానికి నేతగాడు సింహాద్రి చేత చేతులు జోడింపించి క్షమాపణ చెప్పించుకున్న వీడియో అందులోనే ఉంది. ఆర్నెల్లుగా దాన్ని ఊరందరికీ చూపించి నవ్వుతున్నాడు సర్పంచి.

మరిడమ్మ ఫోనును కంప్యూటరుకు తగిలించి చూసింది. గవర్రాజు నోట పొరపాటు అన్న మాట రాదని ఆమెకు బాగా తెలుసు.

"ఎవరో ఇందులో వేరే ఫోను సాఫ్ట్‌వేర్ ఎక్కించబోయారండీ. మీరే అయితే చెప్పండి. ఏది ఎక్కించారో తెలిస్తే లోపలివి పోకుండా బతికించొచ్చు."

కొట్లో పదిమంది ఉన్నారు. గవర్రాజు మీసం సవరించుకున్నాడు. "నేను పొరపాటు చేస్తానా? అసలు ముట్టుకోనేలేదు. దానంతటదే చచ్చింది."

"అలాగైతే అంతా తుడిచేసి కొత్తగా ఎక్కించాలండీ. ఎక్కించమంటారా?"

సర్పంచి కొట్లో ఉన్నవాళ్లకేసి ఓరగా చూశాడు. అందరూ తనవైపే చూస్తున్నారు.

"ఎక్కించు."

అరగంటకి ఫోను వెలిగింది. గవర్రాజు ఆత్రంగా వెతికాడు. "నా వీడియో ఏదే?"

"మీరు ఒక్క పొరపాటు చేసుంటే మిగిలేదండీ," అంది మరిడమ్మ వినయంగా. "మీరేమో చెయ్యరాయె!"