డోరతీ ఆంటీ బూటు

గొంతు చిరిగేలా అరిచి పాడి స్టేజీ దిగితే, ముందు వరసలో కుర్రాళ్లు "సో క్యూట్!" అన్నారు.

పైడితల్లికి ఏడుపొక్కటే తక్కువ. ఆ మాట పడలేకే కదా, ఉన్న పేరూ ఉన్న పాటలూ వదులుకుని రాక్ బ్యాండులో చేరింది!

పాప్ ఆల్బమ్‌లలో ఆమె పేరు హనీ. విజయనగరం పిల్లకి పైడితల్లి అనే పేరుంటే పాటలు అమ్ముడుపోవని సంగీత దర్శకుడు మార్చేశాడు. పేరుతోపాటు యాస కూడా పోయింది. మైకు ముందు నిలబెట్టి, "నవ్వుతూ పాడమ్మా, నీ నవ్వు వినేవాళ్లకి వినపడాలి" అనేవాడు. అది ఆ స్టూడియోలో ఆడపిల్లలకి మాత్రమే చెప్పే పాఠం. మగవాళ్లు ఏడుపు మొహంతో పాడితే దాన్ని ఫీల్ అంటారు. పాఠం చెబుతూ ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేసేవాడు. రికార్డింగు అయ్యేదాకా తీసేవాడు కాదు. ఆమె నవ్వుతూనే పాడేది. పాటలన్నీ హిట్టయ్యాయి.

ఇప్పుడు ఆమె సొంతంగా రాసుకున్న పాటకి పల్లవి, 'భుజం మీంచి చెయ్యి తియ్యి'. దానికి దొరికిన మెప్పు, క్యూట్.

"ఆదివారం షో కూడా ఇలాగే ఉంటే వేరే సింగర్‌ని చూసుకుంటాం" అని బ్యాండు వాళ్లు చెప్పేశారు. "హనీ కోసం మైకు ఇంకా ఖాళీగానే ఉంది" అని పాత సారు మెసేజీ పెట్టాడు. అక్కడ ఉండలేక వచ్చింది, ఇక్కడ నిలవలేకపోతోంది. ఏం చెయ్యాలో తోచక, ఎవరో చెబితే లాలాగూడలో డోరతీ ఆంటీ ఇంటికి వెళ్లింది.

ఆడది గిటారు పట్టుకుంటే ఎవరి చెల్లెలో సరదాపడి పట్టుకుందనుకునే రోజుల్లో, డోరతీ సికింద్రాబాదు క్లబ్బుల్లో రాక్ పాడింది. ఇప్పుడు మోకాళ్లు అరిగాయి. బూట్లు మాత్రం మానలేదు.

"పాడు" అంది.

పైడితల్లి అందుకుంది. ఆంటీ లేచి, దగ్గరికొచ్చి, బూటు కాలు ఎత్తి ఆమె పాదం మీద పెట్టింది. పెట్టి నొక్కింది.

పైడితల్లి చటుక్కున పాట ఆపి, కాలు లాక్కుని నవ్వింది. "సారీ ఆంటీ."

"నువ్వెందుకు సారీ?"

"అంటే... మీకు అడ్డమొచ్చానేమో అని."

"రేపు రా" అని ఆంటీ వంటింట్లోకి వెళ్లిపోయింది.

పైడితల్లికి దారంతా అదే ఆలోచన. నిలబడే తీరు బాగాలేదా? స్టేజీ మీద ఇంత చోటు చాలునని చెప్పిందా? ఆఖరికి తన చెప్పులకేసి చూసుకుంది. ఓహో, అదీ సంగతి!

మర్నాడు బరువైన బూట్లు, నల్ల తోలు జాకెట్టు వేసుకుని వెళ్లింది. గొంతు బొంగురుపోవాలని దారిలో ఐసు వేసిన సోడా కూడా తాగింది.

ఆంటీ పైనుంచి కిందికి చూసింది. "ఈ ఎండల్లో జాకెట్టేంది చైల్డ్? చెమటకాయలొస్తయ్. బూట్లు కూడా విప్పు."

ఒట్టి కాళ్లతో నిలబడి పాడింది. మళ్లీ బూటొచ్చింది. ఈసారి పైడితల్లి కాలు లాక్కోలేదు. ఇది పరీక్ష అనుకుంది. ఏం జరిగినా పాట ఆపకూడదు, అంతేగా? వేళ్లు నలుగుతుంటే నవ్వు చెదరనివ్వకుండా, 'చెయ్యి తియ్యి, చెయ్యి తియ్యి' అని గట్టిగా అరుస్తూ చివరిదాకా లాగింది.

"ఆపలేదు ఆంటీ!" అంది రొప్పుతూ.

"చూసిన. మంచిగ ఓర్చుకుంటవ్. ఎవరు నేర్పిండ్రు?"

పైడితల్లి నవ్వబోయింది. భుజం ఎందుకో బరువుగా అనిపించింది. మాట మార్చేసింది.

"శ్రుతి తప్పానా ఆంటీ?"

"లేదు."

"గొంతులో కరుకుదనం చాల్లేదా?"

"గొంతుకేం, బంగారం."

"మరి నాలో ఏం తక్కువైందో చెప్పచ్చు కదా!"

ఆంటీ చాయిలో బిస్కెట్టు ముంచుకుంది. అది మెత్తబడి కప్పులో పడిపోయింది. చెంచాతో దాన్ని తీసుకుని తినడంలో మునిగిపోయింది.

శనివారం వచ్చింది. తెల్లారితే షో. పైడితల్లి జాకెట్టు వేసుకోలేదు, సోడా తాగలేదు. ఈ ముసలావిడకి చెప్పడం రాదేమో, తనకి పాడటమే రాదేమో, ఏదో ఒకటి ఇవాళ తేలిపోవాలి. పాదం మీద నిన్నటి వాపు అలాగే ఉంది.

పల్లవి అందుకోబోతుండగానే బూటొచ్చి సరిగ్గా వాపు మీదే దిగింది. నోట్లోంచి రావలసిన పాట రాలేదు. మొహం మీదకి రావలసిన నవ్వూ రాలేదు.

కిందికి చూసింది. బూటు. దాని కింద తన పాదం.

"కాలు తియ్యండి."

అరవలేదు. అంత కింది స్థాయిలో ఆమె ఎప్పుడూ పాడలేదు. మాట్లాడి కూడా చాలా ఏళ్లయింది.

ఆంటీ కదల్లేదు. "ఏమన్నవ్?"

"తియ్యమన్నాను. నొప్పెడతంది నాకు."

విజయనగరం యాస ఎప్పుడు వెనక్కొచ్చిందో పైడితల్లికే తెలీలేదు. ఆంటీ కళ్లలోకి చూస్తూ అలాగే నిలబడింది.

డోరతీ ఆంటీ కాలు తీసింది. కుంటుకుంటూ వెళ్లి కుర్చీలో కూర్చుని, గోడకి ఆనించిన పాత గిటారు ఒళ్లోకి లాక్కుంది. తీగలు ఒక్కసారి మోగించింది.

"పల్లవి అయిపోయింది. చరణం అందుకో."