వడ్డించే చేయి

పూర్వం కృతయుగాంతంలో, వింధ్యకు దక్షిణాన తుంగవేణీ నదీతీరాన్ని చారువర్మ అనే ధర్మాత్ముడైన రాజు ఏలుతుండగా, అతని తల్లి మాలినీదేవికి మనసు కుదుటపడేది కాదు. ఆ వంశపు రాజులందరూ నలభై దాటకుండానే మధుమేహం పాలై, అరికాళ్లు మొద్దుబారి, చూపు సన్నగిల్లి కాలం చేసేవారు. ఆమె భర్త భద్రవర్మా అలాగే పోయాడు. కుమారునికి ముప్పైయారో ఏడు నడుస్తోంది. రోగం ఇంకా సోకలేదు.

ఆమె పన్నెండు పక్షాలు ఒంటిపూట ఫలాహారంతో ధన్వంతరిని అర్చించగా, అమృతకలశధారి అయిన ఆ దేవుడు వృద్ధ బ్రాహ్మణుని రూపం ధరించి, మధ్యాహ్నవేళ అతిథియై వచ్చి రాజు పక్కన పీట మీద కూర్చున్నాడు. ఆ ఇంట రాజమాతే స్వయంగా వడ్డించాలి. విస్తరిలో ఎక్కడా ఆకు కనబడరాదు. అత్తగారు ఆమెకు నేర్పిన ఆచారమది.

బూరెల మీద నేయి వంచబోతే వృద్ధుడు చేయి అడ్డుపెట్టాడు.

"చాలమ్మా! నా పొట్టను మీ కోటలో ధాన్యపు గాదె అనుకున్నావా?"

చారువర్మ నవ్వాడు. "మా అమ్మ దగ్గర ఆ మాట చెల్లదు తాతా. చాలంటే రెండు, వద్దంటే నాలుగు."

"మీ నాన్న కూడా వద్దనేవాడా?"

రాజమాత చేయి ఆగిపోయింది. అనేవాడు. కడపటి ఏడు మరీ మరీ అనేవాడు. "నా మీద అలిగారా?" అంటూ ఆమె మరొకటి వేసేది. ఆయన మారాడక తినేవాడు.

"స్వామీ, అయితే నేనే..." అని ఆమె కూలబడింది.

"ఎరగక ప్రేమతో చేసినది తల్లీ, పాపమని కుమలకు" అని ధన్వంతరి నిజరూపంతో నిలిచాడు.

"ఆ కలశంలో ఒక్క చుక్క నా బిడ్డకు పోయండి ప్రభూ!"

"ఈ భోజనమే రోజూ సాగితే ఆ చుక్క ఎన్నాళ్లు కాస్తుంది? కొర్రన్నం, పెసరకట్టు, ఆకుకూర పెట్టు. ఇంకాస్త తినాలనిపించేటప్పుడే లేవనీ. పొద్దునా సాయంత్రం నడవనీ. అతను అడుగుతాడు. పెట్టకుండా ఉండగలవా?"

"ఉపవాసాలు చేయగలిగాను. ఇది నా వల్ల కాదు స్వామీ. ఆ బలమే వరంగా ఇవ్వండి."

"ఇచ్చాను" అని దేవుడు అంతర్ధానమయ్యాడు.

మర్నాడు చారువర్మ ముద్ద ముగించి, చేయి చాచి, "అమ్మా, ఇంకొంచెం" అన్నాడు. ఆమె చేయి గరిటె దాకా వెళ్లి ఆగింది.

"చాలు నాయనా, లే."

అతను నలభై దాటాడు, డెబ్బై దాటాడు. మనుమనికి పట్టం కట్టి, తన కాళ్ల మీద తానే తపోవనానికి నడిచి వెళ్లాడు. మాలినీదేవిని తలచుకొని వడ్డించే ఇల్లాలి చేతికి ఎక్కడ ఆగాలో తెలుస్తుందని ఆ దేశపు పెద్దలు చెబుతారు.