ముసుగు దొరను గుర్తుపట్టిన దళవాయి

పూలకోన సంస్థానాన్ని ఏలిన అనంతభూపాలుడికి ఉన్నట్టుండి ఒక కోరిక పుట్టింది. ముఖానికి ముసుగు వేసుకుని మంచిపనులు చేయాలని.

రాజుకు ముసుగెందుకు అంటారా? కరువు రోజులు. ధాన్యపు కొట్లన్నీ దళవాయి రుద్రప్ప బావమరిది గుప్పిట్లో ఉండేవి. గింజ బయటికి రాదు. గట్టిగా అడుగుదామంటే, దళవాయి అంటే సైన్యానికి పెద్ద. కత్తులన్నీ అతని మాట మీదే లేస్తాయి, అతని మాట మీదే దిగుతాయి.

అందుకని రాజు నల్లకంబళి కప్పుకుని, ముఖానికి గుడ్డ కట్టుకుని, కొట్టు తాళం పగలగొట్టి తలుపులు బార్లా తెరిచి వచ్చేవాడు. మిగతాది జనమే చూసుకునేవారు.

జనం అతనికి ముసుగు దొర అని పేరు పెట్టుకున్నారు. "రాజు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు, ఆ దొరే లేకపోతే మన గతేమిటి?" అనుకునేవారు. పొగిడినందుకు మురవాలో, తిట్టినందుకు ఉడుక్కోవాలో రాజుకు తెలిసేది కాదు.

ఇంతలో రుద్రప్ప ఒక మనిషిని పెడరెక్కలు విరిచికట్టి సభలోకి ఈడ్చుకొచ్చాడు. ఊరూరా పగటివేషాలు వేసుకుని బతికే ఓబిలేసు. వేషాల మూటలో నల్లగుడ్డ దొరికిందట.

"కత్తికి కత్తి అడ్డం పెట్టి పోరాడి పట్టాను ప్రభూ. వీడే ముసుగు దొర. ఉరి తీయించండి," అన్నాడు మీసం దువ్వుతూ.

కోట గుమ్మంలో ఓబిలేసు పెళ్ళాం చంటిపిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఏడవడానికి కూడా ఓపిక లేనట్టుంది.

ఆ పూట రాజు తాంబూలం ముట్టలేదు. అడపం, అంటే తాంబూలపు పెట్టె, పట్టుకుని నిలబడ్డ అక్కమాంబ అది చూసింది. రాజుకు పసితనం నుంచీ తాంబూలం అందించిన చేయి ఆమెది. మా ఇంటి ఆడవాళ్ళు ఆమెను మా వంశానికి పెద్దమ్మ అని చెప్పుకుంటారు, నిజం ఆ దేవుడికి తెలియాలి.

"ఏం ప్రభూ, ఆకు చేదుగా ఉందా?"

"అక్కమ్మా, ఆ ఓబిలేసు ఏ పాపమూ ఎరగడు."

"తమకెలా తెలుసు?"

రాజు కిటికీ వైపు తిరిగాడు. అక్కమాంబ ఆకుకు సున్నం రాసింది.

"సరే, నేను అడగనూ లేదు, తమరు చెప్పనూ లేదు," అంది.

"చెబితే రుద్రప్ప ఊరుకోడు. రాజే దొంగ అని సైన్యాన్ని నా మీదికి తిప్పుతాడు. చెప్పకపోతే ఆ పిల్ల తండ్రి లేనిదవుతుంది."

"అయితే రేపు ముసుగు వేసుకుని సభకు రండి."

"నిండు సభకా?"

"ముసుగు ఉన్నది దాక్కోవడానికే కదా నాయనా."

మర్నాడు సభలో సింహాసనం ఖాళీగా ఉంది. పూజలో ఉన్నారని చెప్పవచ్చు కానీ, దేవుణ్ణి అబద్ధంలోకి లాగడం అక్కమాంబకు ఇష్టం లేదు. "ప్రభువులు ఇదే సభలో తీర్పు చెబుతారు. ఈలోపు దళవాయిగారి సాక్ష్యం తీసుకోమన్నారు," అని మాత్రం అంది.

అయిదుగురు మనుషులు వరసగా వచ్చి నిలబడ్డారు. అందరిదీ ఒకే ఎత్తు. పాదాల దాకా నల్లకంబళి, కళ్ళు తప్ప ముఖమంతా నల్లగుడ్డ.

"వీళ్ళలో ఓబిలేసు ఉన్నాడు, అతని మేళంవాళ్ళూ ఉన్నారు. కత్తికి కత్తి అడ్డం పెట్టిన మనిషిని గుర్తుపట్టలేరా, దళవాయిగారూ?"

"వెయ్యిమందిలోనైనా పట్టేస్తాను ముసలమ్మా," అని రుద్రప్ప వరస ముందు నడిచాడు.

మొదటివాడి ఎదుట ఆగాడు. వాడు తల దించుకున్నాడు. రెండోవాడూ దించుకున్నాడు. మూడోవాడు ఏకంగా నడుమే వంచాడు. నాలుగోవాడి కళ్ళు తన కాలిగోళ్ళ మీదే ఉన్నాయి. అయిదోవాడు మాత్రం మెడ నిటారుగా పెట్టి రుద్రప్ప కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు.

రుద్రప్పకు ఒళ్ళు మండింది.

"వీడే. దళవాయి ఎదురొస్తే తల వంచని ఈ పొగరు దొంగది కాక ఎవరిది?"

"తొందరపడకండి. మళ్ళీ చూడండి."

"చూసేదేముంది? ఆనాడు నా కత్తి ముందు బెదిరిన కళ్ళు ఇవే. మా ఇలవేల్పు మీద ఒట్టు."

"అయితే ముసుగు మీ చేత్తోనే తీయండి."

రుద్రప్ప గుడ్డ పట్టుకుని లాగాడు. లోపల అనంతభూపాలుడు.

సభంతా దిగ్గున లేచి నిలబడింది.

"ఏం దళవాయీ, అయితే దొంగను నేనేనా?" అన్నాడు రాజు.

అవునంటే రాజద్రోహం. కాదంటే సాక్ష్యం బూటకం. రుద్రప్ప మోకాళ్ళ మీద పడి లెంపలు వేసుకున్నాడు.

"కాదు ప్రభూ, కానే కాదు. నా కళ్ళు మోసపోయాయి. అసలు... ఆ ముసుగు మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు."

అక్కమాంబ మెల్లగా అంది.

"చూడని మనిషితో పోరాడారంటే, కత్తి కూడా మీదే, ఎదురుకత్తీ మీదేనన్నమాట."

సభ గొల్లుమంది. ఓబిలేసు కట్లు అక్కడికక్కడే విప్పారు. ఆ నవ్వు చల్లారకముందే రాజు చేయి చాచి, కొట్ల తాళాలు ఇక్కడ పెట్టమన్నాడు. రుద్రప్ప తల ఎత్తకుండానే, పక్కనున్న తన బావమరిది మొలనుంచి తాళాల గుత్తి లాగి ఇచ్చాడు.

సింహాసనం ఎక్కి తాంబూలం అందుకుంటూ రాజు గొంతు తగ్గించాడు.

"నన్నే చూపిస్తాడని నీకెలా తెలుసు అక్కమ్మా?"

"ముఖానికి ముసుగు కట్టవచ్చు ప్రభూ. మెడకు వంగడం ఎవరు నేర్పారు తమకు?" అని, ఇంకో తమలపాకు చిలక చుడుతూనే మళ్ళీ అంది.

"పాపం రుద్రప్ప. పుట్టి బుద్ధెరిగాక ఒక్కటే నిజం చెప్పాడు. దానికే లెంపలేసుకున్నాడు."

రాజుకు పొలమారింది. నవ్వలేక, ఆపుకోలేక, మెడలోని ముత్యాలహారం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఎందుకో తెలియకపోయినా, రాజు నవ్వు చూసి సభంతా మళ్ళీ నవ్వింది.