ముప్ఫై ఆరుగురి పెళ్ళి

భ్రమరాంబగారిని ప్రశ్న అడిగినవాళ్ళెవరూ ఆ రోజే జవాబు పట్టుకుని ఇంటికి వెళ్ళింది లేదు. అడిగింది వింటారు, "ఊఁ" అంటారు, చేతిలో పని కానిస్తారు. మర్నాడో, వారానికో, ఒక్కోసారి అడిగినవాళ్ళు అడిగిన సంగతే మరిచిపోయాకో, ఆ జవాబు ఎక్కడో ఎదురవుతుంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ముప్ఫై ఏళ్ళు బడిలో సంస్కృతం చెప్పి, ఆ ఉద్యోగం అయ్యాక ఇంటి వరండాలోనే మధ్యాహ్నం పూట నలుగురు ఆడవాళ్ళకి శ్లోకం చదివి అర్థం చెబుతూ వచ్చారు. ఆ నలుగురిలో కనకరత్నం మహా శ్రద్ధగల శిష్యురాలు. చెప్పిందల్లా నోటుపుస్తకంలో రాసుకునేది. అలాంటి మనిషికి జవాబులు ఆలస్యం కావడం మిగతావాళ్ళకంటే కష్టంగా ఉండేది.

కనకరత్నం కూతురు వైజయంతికి ఆ యేడు పెళ్ళి కుదిరింది. అబ్బాయి వాళ్ళూ ఆర్భాటం అక్కర్లేదన్నారు. ఇంటి పెరట్లో తాటాకు పందిరి, అరిటాకుల్లో భోజనం, రెండు వైపులా కలిపి ముప్ఫై ఆరుగురు మనుషులు. అంతే. ఈ కబురు విన్నవాళ్ళందరూ కనకరత్నాన్ని మెచ్చుకున్నారు. "ఈ రోజుల్లో అంత ధైర్యం ఎవరికుందండీ!" అన్నారు. ఆవిడ పైకి నవ్వి ఊరుకున్నా లోపల కొంచెం పొంగిపోయిన మాట నిజం.

జాబితా రాస్తున్న రోజు వైజయంతి తల్లి భుజం మీంచి తొంగి చూసింది.

"పెద్దమ్మ పేరేదమ్మా?"

"చిన్న పెళ్ళి కదే," అంది కనకరత్నం తల ఎత్తకుండా.

పిల్ల ఆ జాబితా వంక ఇంకోసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. అదే కనకరత్నానికి ముల్లులా గుచ్చుకుంది.

పెద్దమ్మంటే కనకరత్నం స్వయానా అక్క, సుభద్ర. అదే ఊళ్ళో, నడివీధి మధ్యలో ఉంటుంది. వైజయంతి చిన్నప్పటి వేసవి సెలవులన్నీ ఆవిడ ఇంట్లోనే గడిచాయి. కానీ తొమ్మిదేళ్ళ కిందట, ఎండాకాలంలో, సుభద్ర ఇంట్లో ఈ అక్కచెల్లెళ్ళ తల్లి పోయింది. కనకరత్నం అప్పుడు దూరాన, భర్త ఉద్యోగం చేసే ఊళ్ళో ఉంది. "నేనొచ్చేదాకా ఉంచండి," అని ఫోన్లో ఏడ్చి రైలెక్కింది. రైలు ఆరు గంటలు ఆలస్యమైంది. తను గుమ్మంలో అడుగు పెట్టేసరికి అమ్మ లేదు. అమ్మని పడుకోబెట్టిన చోట దీపం ఒక్కటి వెలుగుతోంది. ఆ దీపం వంక చూసి కనకరత్నం ఒక్క మాటా అనలేదు. తర్వాత భర్త రిటైరై ఈ ఊరికే వచ్చి స్థిరపడినా, నాలుగేళ్ళలో ఒక్కసారీ అక్క గుమ్మం తొక్కలేదు.

ఈ సంగతేదీ చెప్పకుండా, ఆ మధ్యాహ్నం పాఠం అయ్యాక భ్రమరాంబగారిని ప్రశ్న మాత్రం అడిగింది.

"ముప్ఫై ఆరుగురంటే తేలికనుకున్నానండి అమ్మగారూ. ఒకరి పేరు రాస్తే ఇంకొకరు గుర్తొస్తున్నారు. ఎక్కడ గీత గీయాలో తెలియడం లేదు. అసలు మనవాళ్ళంటే ఎవరండీ?"

భ్రమరాంబగారు చేటలో బియ్యం ఏరుతున్నారు. రెండు మట్టిబెడ్డలు తీసి పక్కన పెట్టారు.

"పిలుపులెప్పుడు?"

"రేపు పొద్దున్నేనండి. ఊళ్ళో పదిళ్ళు. పైఊళ్ళ వాళ్ళకి ఫోన్లో చెప్పేశాం."

"నేనూ వస్తాను."

కనకరత్నం కంగారుపడింది. మోకాళ్ళ నొప్పులతో అమ్మగారు వరండా మెట్లు దిగి మూడు నెలలయింది. వద్దని చెప్పబోయి, ఆవిడ మళ్ళీ చేటలోకి వంగడం చూసి ఊరుకుంది.

ఆ ఊళ్ళో పెళ్ళి పిలుపంటే కార్డు పంచడం కాదు. కుంకుమ భరిణె పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళాలి, ఆ ఇంటి ఆడవాళ్ళకి బొట్టు పెట్టాలి, పెద్దవాళ్ళ ముఖం చూసి నోటితో పిలవాలి. అప్పుడుగానీ పిలిచినట్టు కాదు. తోడబుట్టినవాళ్ళుంటే తొలి పిలుపు వాళ్ళదే.

మర్నాడు ఎనిమిది గంటలకి ఇద్దరూ బయల్దేరారు. కనకరత్నం చేతిలో వెండి కుంకుమ భరిణె. అది వాళ్ళమ్మది. అమ్మ పోయిన నెలలో సుభద్రే ఎవరి చేతో పంపింది. కనకరత్నం పుచ్చుకుంది గానీ అందిందని కూడా కబురు చెయ్యలేదు. భ్రమరాంబగారు చేతికర్ర తాటించుకుంటూ పక్కనే నడిచారు.

పిలవాల్సిన పదిళ్ళూ నడివీధిలోనే ఉన్నాయి. ఈ చివర ఐదు, ఆ చివర ఐదు. మొదటి ఐదిళ్ళూ హాయిగా గడిచాయి. అమ్మగారు స్వయంగా రావడం చూసి ప్రతి ఇంట్లోనూ కుర్చీలు తుడిచారు, మజ్జిగ ఇచ్చారు. ఐదో ఇంటి మెట్లు దిగాక, ఎదురుగా కనబడే ఆరో ఇంటికి తిన్నగా వెళ్ళకుండా, కనకరత్నం పక్క సందులోకి తిరిగింది.

"ఇటు రండి అమ్మగారూ. వీధిలో ఎండ."

ఎండ నిజానికి సందులోనే ఎక్కువుంది. ఆ సందు రైసుమిల్లు దొడ్లోకి పోతుంది. ఊక గుట్టల మధ్య నుంచి నడిచి, మట్టిలో చెక్కిన మెట్లెక్కి కాలవ గట్టు మీదికి చేరాలి. గట్టంతా పల్లేరుకాయలు. అక్కణ్ణించి ఇళ్ళ దొడ్డిగోడల వెంబడి నడిచి, తూము దగ్గర దిగి, మళ్ళీ నడివీధికి రావాలి. ఎందుకంటే ఐదో ఇంటికీ ఆరో ఇంటికీ మధ్యన నీలం గేటున్న ఇల్లు సుభద్రది.

భ్రమరాంబగారు ఎందుకని అడగలేదు. గట్టు మెట్లెక్కేటప్పుడు మాత్రం కనకరత్నం భుజం గట్టిగా పట్టుకున్నారు. గేదెల్ని తోలుకొస్తున్న మనిషొకడు ఆగి, వింతగా చూశాడు.

"ఇటేపొచ్చారేంటండీ? ఈదిలోంచెళ్తే యాభై అడుగులే కదండీ!"

"గాలి బాగుంటుందని," అంది కనకరత్నం.

గాలి బాగానే ఉంది. అబద్ధమైతే ఆడలేదు కదా అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

ఆరో ఇల్లు అచ్చియ్యమ్మగారిది. పెద్దావిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది. కనకరత్నం బొట్టు పెట్టబోయి చూసుకుంటే చేతిలో భరిణె లేదు. మజ్జిగ తాగేటప్పుడు ఐదో ఇంటి అరుగు మీద పెట్టి మరిచిపోయింది.

"మీరిక్కడే కూర్చోండి అమ్మగారూ, నేను పరిగెత్తుకెళ్ళి తెస్తాను."

"లేదమ్మా. నీతో వస్తానన్నాను కదా," అని భ్రమరాంబగారు కర్ర అందుకున్నారు.

తూము, గట్టు, పల్లేరుకాయలు, ఊక. భరిణె దొరికింది. మళ్ళీ ఊక, గట్టు, పల్లేరుకాయలు, తూము. ఈసారి గట్టు మీద భ్రమరాంబగారు రెండుసార్లు ఆగారు. ఆయాసంతో పెదవులు తెల్లబడ్డాయి. కనకరత్నానికి సిగ్గేసింది. సిగ్గుతో పాటు కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియక, దారికడ్డొచ్చిన మేకపిల్లని అదిలించింది. సుభద్ర ఇంటి వెనక నుంచి నడుస్తున్నప్పుడు తల ఎత్తకూడదనుకుంది గానీ, ఇందాక రెండుసార్లూ మూసి ఉన్న దొడ్డి తలుపు ఇప్పుడు తీసి ఉండటం కనబడనే కనబడింది.

అచ్చియ్యమ్మగారు బొట్టు పెట్టించుకుని, పెళ్ళికి వస్తానని చెప్పి, గడప దాకా సాగనంపుతూ అంది:

"మీ అక్క పొద్దున్నే అరుగు కడుక్కుని, ముగ్గేసుకుని, పట్టుచీర కట్టుకుని కూచుంది. ముందు అక్కడికి వెళ్ళే వచ్చుంటారులే."

"ఆఁ," అంది కనకరత్నం.

ఆ ఒక్క అక్షరం నోటినుంచి వచ్చాక అమ్మగారి వైపు చూడలేకపోయింది. అది మాత్రం అబద్ధమే. మిగతా నాలుగిళ్ళలోనూ ఆవిడ చెయ్యి బొట్టు పెడుతోంది, నోరు పిలుస్తోంది, మనసు మాత్రం కడిగిన అరుగు మీదే ఉంది. అక్క పట్టుచీర కట్టుకుందంటే అది ఆకుపచ్చదే అయ్యుంటుంది, ఆవిడకున్నది అదొక్కటే. పిలుస్తారని ఎలా అనుకుంది? అనుకోవడానికి ఎంత ధైర్యం ఉండాలి? లేక ఎంత ఆశ ఉండాలి?

పదో ఇల్లు ముగిసేసరికి పదకొండయింది. తిరుగు ప్రయాణంలో కనకరత్నం కాళ్ళు వాటంతటవే తూము వైపు తిరిగాయి. భ్రమరాంబగారు గట్టెక్కి, పాతిక అడుగులు వేసి, "ఇక నా వల్ల కాదమ్మా," అంటూ అక్కడున్న రాయి మీద కూలబడ్డారు. మోకాళ్ళు రెండూ వాచిపోయాయి. కనకరత్నం చీరకొంగుతో విసురుతూ చుట్టూ చూసింది. అది సుభద్ర ఇంటి వెనకే.

దొడ్డిగోడ మీంచి ఒక చెయ్యి మంచినీళ్ళ చెంబు అందించింది.

"తీసుకోండి అమ్మగారూ," అంది సుభద్ర. "ఇందాక మూడోసారి వెళ్తున్నప్పుడే ఇద్దామనుకున్నాను. మీ పక్కన ఎవరున్నారో చూసి జంకాను."

ఆకుపచ్చ పట్టుచీరే. జుట్టు బాగా నెరిసింది. భ్రమరాంబగారు చెంబు అందుకుని నెమ్మదిగా తాగారు, నీళ్ళు తాగడం తప్ప లోకంలో వేరే పనేమీ లేనట్టు. అక్కచెల్లెళ్ళిద్దరి మధ్యా నడుమెత్తు గోడొకటే ఉంది. ముందు సుభద్రే అడిగింది.

"వైజయంతికి మధుపర్కం కాక, పెళ్ళికూతుర్ని చేసేటప్పటి చీర ఏం రంగు తీసుకున్నారే?"

పిలుపు అడగలేదు. పందిరెక్కడ, మనుషులెంతమంది అని కూడా అడగలేదు. చీర రంగు అడిగింది.

"కనకాంబరం," అంది కనకరత్నం. అని, తొమ్మిదేళ్ళుగా గొంతులో ఉన్న మాట ఆపుకోలేక బయటపెట్టింది. "అమ్మ ముఖం నాకు చూపించలేదు నువ్వు."

"చూపించలేదు," అంది సుభద్ర. "ఎండ, వేళ మించిపోతోంది అని నలుగురూ తొందరపెట్టారు. పెద్దదాన్ని, ఆగండి అని నేనొక్క మాట అనాల్సింది. అనలేదు. తప్పు నాదే రత్నం."

కనకరత్నం ఈ తొమ్మిదేళ్ళలో అక్క చెప్పబోయే సాకులన్నిటికీ జవాబులు తయారుచేసుకుని పెట్టుకుంది. ఈ మాటకి మాత్రం చేసుకోలేదు. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. తుడుచుకోకుండానే అమ్మ భరిణె మూత తీసి, వేలు కుంకుమలో అద్ది, గోడ మీంచి చెయ్యి చాపింది.

సుభద్ర ఒక అడుగు వెనక్కి వేసింది.

"పెళ్ళి పిలుపు దొడ్డిగోడ మీంచి పిలుస్తారటే ఎవరైనా? పొద్దుటినుంచీ ముగ్గేసుకుని కూచున్నాను. వీధి గుమ్మంలోంచి రా." ఏడుస్తూనే నవ్వింది. "పచ్చడి ఉంది, అన్నం వార్చి ఉంచాను. అమ్మగారికి కాళ్ళకి కాపడం పెట్టాలి."

ఆవిడ తలుపు తియ్యడానికి లోపలికి పరిగెత్తింది. కనకరత్నం కుంకుమ అద్దిన వేలు అలాగే పట్టుకుని, భ్రమరాంబగారిని మెల్లగా లేవదీసింది.

"అమ్మగారూ, మిమ్మల్ని చాలా కష్టపెట్టాను. ముప్ఫై ఆరుగురే అని అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు ముప్ఫై ఏడుగురవుతారు."

భ్రమరాంబగారు కర్ర సర్దుకుని, తూము వైపు రెండడుగులు వేసి ఆగారు.

"ఆ పదిళ్ళలో దేనికీ రెండుసార్లకి మించి వెళ్ళలేదు రత్నం. ఈ ఇంటి చుట్టూ మూడుసార్లు తిరిగాం, ఇది నాలుగోది. మనవాళ్ళెవరని కదూ, నిన్న నువ్వు నన్నడిగింది?"