వడ్డన

పైడిరాజుకి విసుగు పుట్టి చాలా ఏళ్ళయింది. కాకపోతే ఆ సంగతి ఆయనకి ఈ మధ్యనే తెలిసింది.

విశాఖపట్నంలో ఒక పెద్ద జూనియర్ కాలేజీలో ఆయన సంస్కృతం లెక్చరరు. పెద్దదంటే నాలుగంతస్తులు, తొమ్మిది సెక్షన్లు, సెక్షనుకి ఎనభైమంది పిల్లలు. ఆ ఎనభైమందిలో సంస్కృతం నేర్చుకుందామని వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. తెలుగు తీసుకుంటే మార్కులు తెగుతాయని, సంస్కృతమైతే నూటికి తొంభై తొమ్మిది పడతాయని తీసుకున్నవాళ్ళే అంతా. జవాబులు బట్టీపట్టి తెలుగు అక్షరాల్లో రాసేస్తారు. పరీక్ష అయిన మర్నాడు ఆ భాష పేరు కూడా తలుచుకోరు.

మొదట్లో పైడిరాజు పట్టుబట్టి నాగరి అక్షరాలు దిద్దించేవాడు. మేనేజ్‌మెంటు వాళ్ళు పిలిచి, "ఆ టైములో నాలుగు ఫిజిక్సు లెక్కలైపోతాయి గదండీ మాస్టారూ" అన్నారు. మర్యాదగానే అన్నారు, కాఫీ కూడా ఇచ్చారు. అప్పట్నుంచి ఆయన బోర్డు మీద తెలుగు లిపిలోనే రాస్తున్నాడు. మొన్నామధ్య ఎవరో గృహప్రవేశం శుభలేఖలోకి నాగరిలో ఒక శ్లోకం రాసిమ్మన్నారు. పెన్ను పట్టుకుని మూడో అక్షరం దగ్గర ఆగిపోయాడు. వంపు ఎటు తిరగాలో గుర్తు రాలేదు. ఆ రోజు ఆయనకి అన్నం సయించలేదు.

మధ్యాహ్నం రెండున్నర పీరియడ్ ఎప్పుడూ సంస్కృతానికే ఇస్తారు. పిల్లలు భోంచేసి వచ్చి నిద్రపోయినా నష్టమేమీ లేదని. మెలకువగా ఉన్నవాళ్ళు ఒళ్ళో మేథ్స్ పుస్తకం పెట్టుకుంటారు. పోయిన బుధవారం పాఠంలో ఒక మంచి వాక్యం వచ్చింది. పైడిరాజుకి చిన్నప్పట్నుంచీ ఇష్టమైన వాక్యం. దాని గురించి చెప్పబోతుంటే ముందు బెంచీలో అమ్మాయి వినయంగా లేచి నిలబడింది.

"సార్, ఇది పరీక్షకి వస్తుందా?"

"రాదమ్మా," అన్నాడు పైడిరాజు.

ఆ పిల్ల కూర్చుంది. ఈయన బోర్డు తుడిచేసి తరవాతి ప్రశ్నకి వెళ్ళిపోయాడు. డస్టరు కింద పెట్టాక గాని తను చేసిన పని తనకి తెలియలేదు. వాళ్ళు వదిలెయ్యడం సరే. తనే వదిలేశాడు. ఇంక ఈ ఉద్యోగం చెయ్యకూడదని ఆ నిమిషంలోనే అనుకున్నాడు.

బావమరిదికి గాజువాకలో టైల్స్ కొట్టుంది. ఎన్నాళ్ళనుంచో పిలుస్తున్నాడు. "ఊరికే కౌంటర్లో కూకో బావా. అరవక్కర్లేదు, గొంతెండిపోనక్కర్లేదు. మా కొట్లో ఎవుళ్ళూ నిద్దరోరు." ఆదివారం సాయంత్రానికల్లా ఏ సంగతీ చెప్తానని పైడిరాజు మాటిచ్చాడు. రాజీనామా కాయితం కూడా రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

అడ్డు ఒక్కటే ఉంది. అది గురువుగారు చయనులుగారు.

చయనులుగారు విజయనగరం అవతల ఒక ఊళ్ళో ఓరియంటల్ స్కూల్లో ముప్ఫై నాలుగేళ్ళు సంస్కృతం చెప్పారు. ఆ బడీ, దాని హాస్టలూ ఎప్పుడో మూతబడ్డాయి. ఆయన మాత్రం ఆ ఊరు వదలలేదు. పైడిరాజు ఆయన దగ్గర పదకొండేళ్ళు చదివాడు. మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టి, గురుదక్షిణ ఏమిచ్చుకోమంటారని అడిగాడు. ఆయన కాసేపు ఆలోచించారు. "పాఠం చెప్పడం మానాలనిపిస్తే మానెయ్యరా. కాని నాకొకసారి చెప్పి మానెయ్," అన్నారు. ఇరవై నాలుగేళ్ళ వయసులో పైడిరాజుకి అదొక అడగడమా అనిపించింది. ఇరవై ఏడేళ్ళ తరవాత అదే బరువై కూర్చుంది.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాడు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు.

వెళ్ళేసరికి చయనులుగారు వరండాలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఎనభై ఎనిమిదేళ్ళు. నడుం వంగింది గాని చూపు ఇంకా బాగానే ఉంది. పైడిరాజుని పైనుంచి కిందకి ఒకసారి చూశారు.

"ఏరా, చిక్కిపోయావు."

"లేదండీ, లావెక్కాను."

"ఒంటి సంగతి కాదులే. కాళ్ళు కడుక్కో. భోజనం వేళకొచ్చావు."

"ముందొక్క మాట చెప్పాలి గురువుగారూ. దానికోసమే వచ్చాను."

"తింటూ చెప్పు."

ఆయన కూతురు సీతారత్నం ఆకు వేసింది. తండ్రిని చూసుకుంటూ ఆవిడ ఆ ఇంట్లోనే ఉంటోంది. అన్నం గిన్నె తీసుకొచ్చి వంగబోతుంటే చయనులుగారు చెయ్యి చాపి గిన్నె అందుకున్నారు.

"వీడికి నేను వడ్డిస్తాను."

"నీ చెయ్యి వణుకుతుంది నాన్నా."

"వణికితే నాలుగు మెతుకులు ఎక్కువ పడతాయి. వీడికేం నష్టం?"

ఆవిడ నవ్వి లోపలికెళ్ళింది. ఆయన గోడకి ఆనుకుని గిన్నెతో నిలబడ్డారు. పైడిరాజు ఆకు ముందు కూర్చుని, ఇంక ఆగలేక మొదలుపెట్టాడు. బస్సులో కూడబలుక్కున్న వరసలో రాలేదు. నిద్రపోయే క్లాసు, ఒళ్ళో మేథ్స్ పుస్తకాలు, తొంభై తొమ్మిది మార్కులొచ్చి ఒక్క వాక్యం చదవలేని పిల్లలు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. బుధవారం నాటి సంగతీ చెప్పాడు. జేబులో కాయితం ఉందని కూడా చెప్పాడు.

"అలిసిపోయాను గురువుగారూ. వాళ్ళకి అక్కర్లేనిది చెప్పీ చెప్పీ నాకూ అక్కర్లేకుండా పోయింది. వాళ్ళని ఏమనను? మార్కుల కోసం వచ్చారు, మార్కులు పట్టుకుపోతారు. మేం అలా కాదు. మేం చదువు కోసం వచ్చాం."

ఈ చివరి మాట పైడిరాజుకి బాగా అలవాటైన మాట. టీచర్స్ డేకి ఎక్కడ శాలువా కప్పినా, పదమూడేళ్ళ వయసులో దేవభాష మీద మక్కువతో పద్నాలుగు మైళ్ళు నడిచి గురువుగారి పాదాల దగ్గర చేరానని చెప్తాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. చెప్పగా చెప్పగా ఆ మైళ్ళు కాళ్ళకి నిజంగానే గుర్తున్నట్టుండేది.

చయనులుగారు గోడ దగ్గర్నుంచి ముందుకి వంగారు. ఆకులో అన్నం వడ్డించారు. నిజంగానే చెయ్యి వణికి నాలుగు మెతుకులు ఆకు బయట పడ్డాయి.

పొద్దున్నుంచి ఏమీ తినలేదేమో, పైడిరాజు చెయ్యి అన్నం మీదకి వెళ్ళింది. వెళ్ళి, తాకకుండా అలాగే ఆగింది.

గురువుగారు ఒక శ్లోకంలో మొదటి మాట అన్నారు.

పైడిరాజు రెండో మాట అన్నాడు. ఆయన మూడోది అన్నారు. ఇతను నాలుగోది. ఇద్దరే కాబట్టి శ్లోకం వాళ్ళిద్దరి మధ్యే తిరిగింది. ఆఖరి మాట పైడిరాజుకి వచ్చింది. అది అన్నాక కూడా చెయ్యి అన్నం మీద అలాగే ఉంది.

"తిను," అన్నారు చయనులుగారు.

అప్పుడు గాని చెయ్యి కిందకి దిగలేదు.

ఆ హాస్టల్లో వడ్డన అలా ఉండేది. నలభైమంది పిల్లలు బంతిగా కూర్చుంటే చయనులుగారే బకెట్టు పట్టుకుని వడ్డించేవారు. మొదటివాడి కంచంలో అన్నం పడగానే వాడు శ్లోకంలో మొదటి మాట అనాలి. రెండోవాడు రెండో మాట. అలా శ్లోకం వెనక శ్లోకంగా ఆఖరివాడి దాకా వెళ్ళి, మిగిలిందంతా అందరూ కలిసి చదివి ముగిస్తే, అప్పుడు అన్నంలో చెయ్యి పెట్టాలి. మధ్యలో ఎవడు తప్పినా ఆయన బకెట్టుతో మళ్ళీ మొదటికి వెళ్ళిపోయేవారు. కడుపు కాలుతున్న పిల్లలు తప్పినవాణ్ణి కళ్ళతోనే కొట్టేవాళ్ళు. గురువుగారిని మనసులో తిట్టుకునేవాళ్ళు. ఆ తిట్లలో పైడిరాజువి ఎక్కువే.

రెండు ముద్దలు తిన్నాక చయనులుగారు అడిగారు.

"నా బంతిలో కూర్చుని పాతికేళ్ళ పైమాటే గదా. చెయ్యి ఎందుకాపావు?"

"అలవాటండీ."

"ఇక్కడా, ఇంటి దగ్గర కూడానా?"

"ఇంటి దగ్గర కూడానండీ. మా ఆవిడ నవ్వుతుంది."

చయనులుగారు తల ఊపారు. పప్పు వడ్డించారు. మళ్ళీ గోడకి ఆనుకున్నారు.

"మీ నాన్న నిన్ను దిగబెట్టడానికొచ్చిన రోజు నన్ను ఒకటే అడిగాడు. ఏమడిగాడో గుర్తుందా?"

పైడిరాజు ముద్ద కలుపుతున్న వేళ్ళు ఆగాయి.

గుర్తుంది. గుర్తుండకపోవడమేం? అతని తండ్రి జ్యూట్ మిల్లులో కార్మికుడు. ఆ ఏడు మిల్లు లాకౌటై ఏడు నెలలు జీతం లేదు. ఇంట్లో ఐదుగురు పిల్లలు, పొద్దుటి గంజే రాత్రికీ. ఎవరో ఈ బడి సంగతి చెప్పారు. పద్నాలుగు మైళ్ళూ లేవు, నడకా లేదు. తండ్రి చింతపండు బస్తాల లారీ మీద ఎక్కించుకొచ్చాడు. లారీలోంచి దింపి, ఇదే వరండా ముందు నిలబడి తువ్వాలు చేత్తో పట్టుకుని అడిగాడు.

"రెండు పూట్లా కూడెడతారా బాబూ?"

ఏం చదువు చెప్తారని అడగలేదు. ఎన్నేళ్ళు చదవాలనీ అడగలేదు. పెడతాం అనగానే కొడుకు వీపు మీద చెయ్యేసి ముందుకి తోశాడు. ఆ మధ్యాహ్నం పైడిరాజు నాలుగుసార్లు మారు పెట్టించుకున్నాడు. సంస్కృతమంటే ఏమిటో అతనికి అప్పటికి తెలియదు. తెలుసుకోవాలన్న కోరికా లేదు.

ఇంత పెద్ద మనిషికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆకు కేసి చూస్తూ మెల్లగా అన్నాడు.

"కూడు పెడతారా అని అడిగాడండీ."

"ఊఁ."

"మీకు కోపం రాలేదా అండీ? మేమంతా అన్నానికే వచ్చామని తెలిసీ?"

"రాకేం? రోజూ వచ్చేది. నలభైమంది, నలభైమందీ బకెట్టు కేసి చూసేవాళ్ళు. నా కేసి ఒక్కడూ చూసేవాడు కాడు. గరిటె అక్కడ పడేసి ఎటైనా పోదామనిపించేది. నాలుగైదుసార్లు గుమ్మం దాకా వెళ్ళాను కూడాను."

ఈ మాట గురువుగారి నోట వింటానని పైడిరాజు ఎన్నడూ అనుకోలేదు. ఆయన అలిసిపోతారని, ఆయనకీ కాళ్ళు పీకుతాయని, ముప్ఫై నాలుగేళ్ళు ఆ బంతిలో అటూ ఇటూ తిరిగిన మనిషి ఒక్కసారి కూడా కూర్చోగా చూడలేదని అప్పుడు తోచింది. ఇప్పుడు కూడా గోడకి ఆనుకునే నిలబడ్డారు.

"కూర్చోండి గురువుగారూ."

"నువ్వు తిను."

లోపల సీతారత్నం చారు పోపు పెట్టిన చప్పుడు వినబడింది. పైడిరాజు అన్నంలో వేళ్ళు పెట్టి కూర్చున్నాడు. పదమూడేళ్ళప్పుడు అన్నం కోసం వచ్చిన కుర్రాడు పద్దెనిమిదేళ్ళకి భోజనం గంట కొట్టినా పుస్తకం వదిలేవాడు కాదు. తోటివాళ్ళు వచ్చి లాక్కెళ్ళేవాళ్ళు. అదీ నిజమే. ఇదీ నిజమే. ఈ రెంటికీ మధ్య ఏ రోజు ఏం జరిగిందో ఎంత తవ్వుకున్నా దొరకలేదు.

తల ఎత్తి అడిగాడు. ఇరవై ఏడేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి, బడిపిల్లాడిలా అడిగాడు.

"గురువుగారూ, నేను అన్నానికి రావడం మాని పాఠానికి రావడం ఎప్పుడు మొదలుపెట్టానండీ? మీకేమైనా తెలుసా?"

చయనులుగారు ఊరికే ఏదో ఒక జవాబు చెప్పెయ్యలేదు. కళ్ళు మూసుకుని నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించారు. చాలాసేపు పట్టింది. గిన్నె చేతిలోనే ఉంది.

"నేను చూళ్ళేదురా," అన్నారు ఆఖరికి. "వడ్డిస్తూ ఉన్నాను."

సీతారత్నం చారు తెచ్చింది. చయనులుగారు అందుకుని వంగారు. పైడిరాజు మిగిలిన అన్నాన్ని దగ్గరికి చేర్చి మధ్యలో గుంట చేసుకున్నాడు.

"నాలుగింటి బస్సుకి వెళ్ళిపోతానండీ," అన్నాడు. "రేపు క్లాసుంది."

ఆయన చారు పోశారు.